పోస్ట్‌మాస్టర్ గారూ!

పదకొండవ భాగం

తివాచీ గుడ్డతో కుట్టిన ఆ సంచీని అంతకుముందు మా ఇంట్లో ఎవరూ వాడలేదు. అందులో అబ్నర్ తెల్లచొక్కాలు రెండు మడిచి పెట్టాను. గంజి పెట్టిన కాలర్లు నలగకుండా విడిగా గుడ్డలో చుట్టాను. మొక్కజొన్న రొట్టె, ఉప్పేసి ఉడికించిన వేరుశెనగలు, నిప్పుల్లో కాల్చిన చిలగడదుంపలు ఇంకో మూటగా కట్టి పైన పెట్టాను. అంతా సర్దాక మళ్లీ బయటికి తీశాను. మళ్లీ సర్దాను. సంచీ మూస్తే ఇక మనిషి వెళ్లడమే మిగులుతుంది. అందుకని మూయలేదు.

ఆ ప్రయాణం ఎందుకో, ఈ కథను ఇవాళే చేతికి తీసుకున్నవాళ్ల కోసం ఒకసారి చెబుతాను. దేశానికి నూరేళ్లు నిండిన ఏడు అది. ఊరూరా జెండాలు కట్టి పండగ చేశారు. నూరేళ్లు నిండాయన్న మాట వింటే, బానిసత్వంలోంచి బయటపడ్డ మావాళ్లకు మాత్రం గుండె గుబేలుమనేది. నవంబరులో అధ్యక్షుడి ఎన్నిక జరిగింది. ఒకవైపు జనరల్ థాచర్, ఇంకోవైపు గవర్నర్ మోర్లాండ్. యుద్ధమయ్యాక మాకు కాపలాగా వచ్చిన సిపాయిలను దక్షిణాదిలోనే ఉంచుతానన్నాడు థాచర్. ఇళ్లకు పంపేస్తానన్నాడు మోర్లాండ్. సిపాయిలు వెళ్లిన మర్నాడు మా గుమ్మాల ముందుకు ఎవరు వస్తారో, చేతుల్లో ఏం పట్టుకుని వస్తారో మాకు తెలుసు.

లెక్క ఒక్క ఓటు దగ్గర ఆగింది. మా సౌత్ కరోలినా ఏడు ఓట్లూ పడితే థాచర్ గెలుస్తాడు. వాటిలో ఒక్కటి చెల్లకపోతే చెరిసగం. అప్పుడు తేల్చేది మోర్లాండ్ మనుషులతో నిండిన సభ. రాష్ట్రం తరఫున ఆ ఓట్లు వేసేవాళ్లను ఎలెక్టర్లంటారు. నా భర్త అబ్నర్ సింగిల్టన్ ఆ ఏడుగురిలో ఒకడు. డిసెంబరు మొదటి బుధవారం కొలంబియా వెళ్లి, మిగిలిన ఆరుగురితో కూర్చుని, థాచర్ పేరు రాసి ఇచ్చి రావాలి.

చిక్కల్లా ఒక్కటే. సర్కారు కొలువులో ఉన్నవాడు ఎలెక్టరుగా ఉండకూడదని రాజ్యాంగంలో ఉంది. అబ్నర్ మా ఊరి పోస్ట్‌మాస్టరు. పార్టీవాళ్లు వచ్చి చెప్పగానే రాజీనామా పంపాడు. అతని స్థానంలోకి కొత్తవాడు ఇంకా రాలేదు. వచ్చిన టపా అంతా మా కొట్టు మూలన బీరువాలో తాళం కింద ఉంది. “ఒక్క కవరు తీసి ఒక్కరి చేతికిచ్చినా నువ్వు మళ్లీ పోస్ట్‌మాస్టరువే. నీ ఓటు మురిగిపోతుంది. చేతులు కట్టుకుని కూర్చో,” అని మరీ మరీ చెప్పి వెళ్లారు.

చేతులు కట్టుకునే కూర్చున్నాడు అబ్నర్. ఎంత నిష్ఠగా కూర్చున్నాడంటే, ఫీబీ పెద్దమ్మకు కూడా ఇవ్వలేదు.

ఆ మంగళవారం పొద్దున కూడా ఫీబీ పెద్దమ్మ వచ్చింది. ఆమె కొడుకు సవానాలో ఓడల మీద పని చేసేవాడు. జ్వరంగా ఉందని ఒకసారి రాసి, తర్వాత ఏ కబురూ చేయలేదు. బీరువాకు ముందు అద్దం తలుపు. లోపల నీలం కవరు మీద ఆమె పేరు బయటికే కనిపిస్తోంది. నేను లోపలి గదిలో సంచీ ముందు కూర్చుని ఉన్నాను. మధ్యలో ఉన్నది చెక్క గోడే. ప్రతి మాటా వినిపిస్తోంది.

“ఒరే అబ్నరూ, అది నా పేరేనంటున్నారు కదరా. తీసివ్వకూడదూ?”

“తీయకూడదు పెద్దమ్మా. గురువారం దాకా ఓపిక పట్టు. నేనిప్పుడు పోస్ట్‌మాస్టర్ని కాదు.”

“మరి ఎవరు పోస్ట్‌మాస్టరు?”

“ఎవరూ కారు.”

“ఎవరూ లేని ఉద్యోగానికి అంత పెద్ద తాళం ఎందుకురా నాయనా!”

అబ్నర్ నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే, “చచ్చాడో బతికాడో ఆ నీలం కాయితంలో ఉంది. నీ అధ్యక్షుడు నా కొడుకు కంటే పెద్దవాడా?” అంది.

“నీ కొడుకు ఈ ఊరికి తిరిగొచ్చి బతకాలంటే ఆ అధ్యక్షుడు రావాలి పెద్దమ్మా.”

ఆమె కర్ర తాటించుకుంటూ మెట్లు దిగి వెళ్లిపోయింది. నా భర్తను చూసి ఆ క్షణాన గర్వపడ్డాను. నాకు అక్షరాలు వచ్చింది ఆ బీరువాలోని కవర్ల మీది పేర్లు చూసే. కవరంటే మా ఇంట్లో ఎంత విలువో నాకు తెలుసు. కన్నతల్లిలాంటి మనిషి అడిగినా తాళం తీయనివాడు ఇంకెవరడిగితే తీస్తాడు అనుకున్నాను.

అంతలో గుర్రం వచ్చి ఆగిన చప్పుడు. చెక్కల సందులోంచి చూశాను. మేజర్ ఎల్డ్రిడ్జ్.

ఈయన గురించి ముందు భాగాల్లో చాలా చెప్పాను. మా అమ్మనూ, నన్నూ, నా తమ్ముడు జొసయ్యనూ ఒకే బేరంలో కొన్న మనిషి. కొన్నాళ్లకు అమ్మ ఒక్కదాన్నీ అలబామా వాళ్లకు అమ్మాడు. యుద్ధం పోయింది, బానిసలు పోయారు, ఆయన పొలం సగం పోయింది. మాట తీరు మాత్రం పోలేదు. మా కొట్టు మెట్లు ఎన్నడూ తొక్కలేదు. టపాకు నౌకరును పంపేవాడు. దారిలో అబ్నర్ ఎదురైతే “ఒరేయ్” అనేవాడు, లేకపోతే గుర్రం కొరడా ఊపేవాడు.

ఆ రోజు గుర్రం దిగాడు. మెట్లెక్కాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

“పోస్ట్‌మాస్టర్ గారూ, బాగున్నారా?”

అబ్నర్ పాదాల కింద చెక్క ఒకటి కిర్రుమంది.

“నన్నేనా అండీ?” అన్నాడు అబ్నర్. అతని గొంతు నాకు కొత్తగా వినిపించింది.

“ఇంకెవరున్నారండీ ఇక్కడ? సింగిల్టన్ గారూ, పెద్ద పని మీద కొలంబియా వెళుతున్నారని విన్నాను. మన ఊరివాళ్లకు అంత గౌరవం దక్కడం సంతోషం. చార్ల్‌స్టన్ నుంచి నా పత్రికలు వచ్చి ఉండాలి. మీకు శ్రమ కాకపోతే, వెళ్లేముందు ఒక్కసారి చూసిపెడతారా?”

కాలరు ఒకటి చేతిలో ఉండగానే లేచి పరిగెత్తాను. మధ్యలో కుర్చీ తగిలి పడబోయాను. తలుపు దగ్గరకు చేరేసరికి బీరువా తలుపు తెరిచి ఉంది.

“తీసుకోండి మేజర్ గారూ,” అన్నాడు అబ్నర్. పత్రికల కట్టను రెండు చేతులతో అందించాడు. ముఖం చూడాలి మీరు. మా పెళ్లినాడు కూడా అంత వెలుగు లేదు ఆ ముఖంలో.

మేజర్ కట్ట తీసుకుని చంకలో పెట్టుకున్నాడు. టోపీ పెట్టుకున్నాడు. ఒక మెట్టు దిగి వెనక్కి తిరిగాడు.

“మంచి పోస్ట్‌మాస్టరువిరా అబ్నర్. పనిలో లోటు చేయవు. ఆ మాట రేపు కొలంబియాలో నా నోటితో నేనే చెబుతాను.”

గుర్రం ఎక్కి స్టేషను దారి పట్టాడు. మెల్లగా వెళ్లాడు. తొందరపడవలసిన పని ఆయనకేమీ లేదు.

అబ్నర్ చేతిలో తాళంచెవి ఊగుతోంది. తెరిచిన బీరువాలో పై వరసలో నీలం కవరు అలాగే ఉంది.

“జెరూషా,” అన్నాడు. “గారూ అన్నాడు.”

“విన్నాను.”

“ముప్పై ఎనిమిదేళ్లొచ్చాయి నాకు. ఒక్క తెల్లవాడు...” అని ఆగిపోయాడు. అప్పటికిగాని తను చేసిన పని అతనికి పూర్తిగా ఎక్కలేదు. కౌంటరు పట్టుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు.

అదే సమయానికి కంచరగాడిద బండి తోలుకుని నా తమ్ముడు జొసయ్య వచ్చాడు. బావకు తోడుగా కొలంబియా దాకా వెళ్లాలని ముందే అనుకున్నాం. వాడు నదిలో దుంగల తెప్పలు నడిపేవాడు. చేతులు తెడ్లలా ఉండేవి. ఎక్కడికొచ్చినా ముందు వాడి నవ్వు వచ్చేది, తర్వాత వాడు వచ్చేవాడు.

“ఏం ఎలెక్టరు గారూ! నేల మీద కూర్చున్నారేం? కాలరు బిగిసిందా?”

ఆ “గారూ” విని అబ్నర్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. జరిగింది నేనే చెప్పాను. చెప్పేకొద్దీ జొసయ్య నవ్వు ముఖం మీదే ఎండిపోయింది.

“పెద్దమ్మ వచ్చి వెళ్లిందా ఇవాళ?” అన్నాడు.

“వెళ్లింది.”

“ఆమెకిచ్చావా బావా?”

అబ్నర్ తాళంచెవిని పిడికిట్లో మూసుకున్నాడు.

“ఆమెకివ్వలేదు. వాడికిచ్చావు.”

“అడిగాడురా...”

“ఆమే అడిగింది.”

“అడిగిన తీరు వేరు. నీకు తెలీదు.”

“తెలుసులే. తాళంచెవి నీ జేబులో ఉందని నువ్వనుకున్నావు. అది ఆయన నోట్లో ఉంది. ఒక్క గారు పడేస్తే బీరువా తెరుచుకుంది. ఇంకో రెండు పడేసి ఉంటే కొట్టు కూడా రాసిచ్చేవాడివి.”

“జొసయ్యా!” అని కసిరాను. కసిరానే గానీ, నేను అనవలసిన మాటే వాడన్నాడు.

అబ్నర్ ఎదురుగా నేల మీద కూర్చున్నాను. ఒక దారి ఉంది. అది పార్టీవాళ్లు చెప్పగా మేమిద్దరం విన్నదే. ఎలెక్టరు ఎవరైనా తప్పుకుంటే మిగిలిన ఆరుగురూ కలిసి ఆ చోట ఇంకొకరిని కూర్చోబెట్టుకోవచ్చు.

“నువ్వు తప్పుకో,” అన్నాను. “రేపు గదిలోకి వెళ్లగానే, పొరపాటు జరిగింది, తప్పుకుంటున్నానని చెప్పు. జొసయ్య నీ పక్కనే ఉంటాడు. వీడు సర్కారు కూడు ఒక్క పూట తినలేదు. వీడి ఓటు చెల్లదని ఏ మేజరూ అనలేడు. వీణ్ని కూర్చోబెట్టుకోమను.”

“పత్రికలో నా పేరు పడింది జెరూషా. వేలు పెట్టి నువ్వే చదివావు.”

“పడితే పడింది. పేరుదేముంది?”

“పేరుదేముందా?” తలెత్తి చూశాడు. “అబ్నర్ అని నన్ను పిలిచినవాడు గుర్రాలకు కూడా పేర్లు పెట్టేవాడు. అదే పొద్దున, అదే నోటితో. సింగిల్టన్ అన్నది నేను పెట్టుకున్నాను. సిపాయిలు వచ్చిన రోజు వరసలో నిలబడితే, ఇంటిపేరేమిటని అడిగాడు ఒకాయన. అంతవరకు నాకొకటి ఉండాలనే తెలీదు. అక్కడికక్కడ పెట్టుకున్నాను. నాదని చెప్పుకోవడానికి ఈ భూమ్మీద అదొక్కటే ఉంది. ఆ పేరు రేపు కొట్టేయించుకుని రమ్మంటావా?”

“ఓటు కొట్టేస్తే మంచిదా?”

“ఆయన చెబుతాడని ఏముంది? చెప్పినా నమ్మాలని ఏముంది?”

“తెల్లదొర చెబితే నమ్మకపోవడం నువ్వెప్పుడు చూశావు?”

నాకు దుఃఖమూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. “సిగ్గుపడతావని తెలుసు,” అన్నాను. “ఆరుగురి ముందు చెప్పుకోవాలి. గారూ అన్న మాటకు పడిపోయానని చెప్పుకోవాలి. చెప్పుకో. సిగ్గుతో ఎవడూ చావలేదు. సిపాయిలు వెళ్లిపోతే ఈ వీధిలో ఎంతమంది చస్తారో నీకు తెలుసు.”

“సిగ్గుతో ఎవడూ చావలేదని నువ్వంటున్నావు. ఎల్డ్రిడ్జ్ నన్ను ఏమనుకున్నాడో, నేను అదేనని నా నోటితో ఒప్పుకుని ఆ గదిలోంచి నడిచి రావాలి. తర్వాత బతికి ఏం చేస్తాను? నావల్ల కాదు.”

ఇద్దరం అలా నేల మీద కూర్చునే వాదించుకున్నాం. ఎంతసేపో తెలియదు. ఏడ్చాను, తిట్టాను, కాళ్లు పట్టుకున్నాను. అతను ఎంత మెత్తని మనిషో ముందు భాగాల్లో చదివారు మీరు. ఆ రోజు బండరాయిలా కూర్చున్నాడు. జొసయ్య బీరువా దగ్గర నిలబడి, ఎవరికీ చెప్పకుండా నీలం కవరు తీసి తన చొక్కాలో పెట్టుకోవడం చూశాను. ఎలాగూ తెరిచిన బీరువాయే. వద్దనడానికి నాకు నోరు రాలేదు.

“ఒకటి చెప్పు బావా,” అన్నాడు వాడు. ఎగతాళి లేదు గొంతులో. “మేజర్ వచ్చినప్పుడు ఇంకెవరున్నారు?”

“ఎవరూ లేరు.”

“నౌకరు?”

“ఒక్కడే వచ్చాడు.”

“దారిలో ఎవరికైనా చెప్పి ఉంటాడా?”

“చెప్పడు,” అన్నాను నేను. “తన నోటితోనే చెబుతానన్నాడు. నలుగురు పెద్దమనుషుల మధ్య, కాలు మీద కాలేసుకుని చెప్పాలి ఆయనకు. అంతవరకు దాచుకుంటాడు. ఆయన సంబరం ఎవరితో పంచుకున్నాడు గనక?”

“ఇవాళ్టి రైలుబండికే వెళతాడుగా?”

“ఇంకో బండి లేదు.”

జొసయ్య తలాడించాడు. వచ్చి అబ్నర్ ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. “తప్పుకోవా బావా?”

“తప్పుకోను.”

“అక్క ఏడుస్తోంది.”

“కనిపిస్తోంది.”

“నేను మళ్లీ అడగను.”

“అడక్కు.”

“సరే,” అన్నాడు. అబ్నర్ చంకలో చెయ్యి వేసి, పడుకున్న పిల్లవాణ్ని లేపినట్టు లేపాడు. “నీ పేరే ఉండనీ.”

వాడు తేలిగ్గా అనేశాడు. వాదన ముగించడానికి అన్నాడనుకున్నాను. ఇన్నేళ్లుగా ఆ మూడు మాటలే నా చెవుల్లో తిరుగుతున్నాయి.

సంచీ మూసి తెచ్చి బండిలో పెట్టాను. జొసయ్య చేతులు ఖాళీగా ఉన్నాయి.

“నీ బట్టలేవిరా?”

“పోయి రావడానికి బట్టలెందుకే అక్కా? నేనేమైనా ఎలెక్టర్నా?” మూటలోంచి చిలగడదుంప ఒకటి లాగి పొట్టుతోనే కొరికాడు. “ఉప్పు తగ్గింది.”

“చిలగడదుంపకు ఉప్పేమిట్రా!”

“అదే అంటున్నా, తగ్గింది.”

అమ్మను తీసుకుపోయిన రోజు వీడు నా చంకలో ఉన్నాడు. వ్యాపారి బండి వెనక అమ్మ నడుచుకుంటూ వెళ్లింది. వెనక్కి తిరిగి చూస్తే కొడతారు, తిరగలేదు. అప్పటినుంచి ఎవరు ప్రయాణమైనా మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూడమని ప్రాణం తీసేదాన్ని. ఊళ్లో అందరూ నవ్వేవాళ్లు. జొసయ్య మాత్రం నా కోసమని, తెప్ప మీద పోతున్నా సరే, తిరిగి చేతులు ఊపేవాడు. కోతిలా గెంతేవాడు ఒక్కోసారి.

ఆ రోజు బండి మలుపు తిరుగుతుంటే అబ్నర్ వెనక్కి చూశాడు. జొసయ్య చూడలేదు. గాడిద చెవుల మధ్యనుంచి ముందుకే చూస్తూ తోలుకుపోయాడు.

మర్నాడు సాయంత్రం మావాళ్లంతా స్టేషను ముందు చేరారు. తంతి గుమాస్తా కిటికీలోంచి తల బయటికి పెట్టి ఏడు పేర్లూ చదివాడు. ఒక్కో పేరుకూ జనం ఊపిరి బిగబట్టారు. ఏడో పేరు అబ్నర్ సింగిల్టన్. ఏడు ఓట్లూ థాచర్‌కే.

ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు. ఎవరో నన్ను కావలించుకుని గిరగిరా తిప్పారు. నేను విడిపించుకుని కిటికీ దగ్గరకు వెళ్లి, “ఎవరూ అడ్డు చెప్పలేదా అండీ?” అని అడిగాను.

“ఎవరు చెబుతారు?” అన్నాడు గుమాస్తా.

“మేజర్ ఎల్డ్రిడ్జ్ గారు వెళ్లారు కదా.”

“ఆయన అక్కడికి రాలేదట. మోర్లాండ్ మనుషులు మధ్యాహ్నం నుంచీ తంతి మీద తంతి కొడుతున్నారు, ఎక్కడున్నాడని.”

ఆ ఓటు నిలిచింది. మార్చిలో జనరల్ థాచర్ ప్రమాణం చేశాడు. సిపాయిలు ఉండిపోయారు. ఇవాళ మా జిల్లా కోర్టులో జడ్జీగా మావాడు కూర్చుంటే ఎవరూ తల తిప్పి చూడరు. ఆ కోర్టు గుమ్మం పక్కన రాతిపలక మీద నా భర్త పేరు చెక్కారు, పేరు చివర గారు అని కూడా చేర్చి. దానికింద ఖాళీ చోటు చాలా ఉంది.

శుక్రవారం అబ్నర్ ఒక్కడే వచ్చాడు. నేను గుమ్మంలోనే నిలబడి ఉన్నాను.

“తమ్ముడేడీ?”

అతను నా ముఖం చూడలేదు. “ముందే వచ్చేశాడనుకున్నాను,” అన్నాడు. జేబులోంచి నీలం కవరు తీసి నా చేతిలో పెట్టాడు. “ఇది పెద్దమ్మకు ఇచ్చెయ్యమన్నాడు.”

“ఎప్పుడన్నాడు? ఎక్కడ?”

అబ్నర్ లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

మంగళవారం మా స్టేషనులో కొలంబియా రైలెక్కిన ముగ్గురిలో ఇద్దరు తిరిగి రాలేదు. మేజర్ ఎల్డ్రిడ్జ్ తిరిగి రాలేదు. నా తమ్ముడు జొసయ్య తిరిగి రాలేదు. వాళ్లిద్దరూ ఆఖరిసారి కనిపించింది పద్దెనిమిది వందల డెబ్భై ఆరు, డిసెంబరు ఐదున, రైలు నది వంతెన మీదికి ఎక్కేముందు.